కాలేజీ కంప్యూటర్ మీదే గెలాక్సీ గుంపుల రేడియో వెలుగు కొలవడం ఎలా

వందల గెలాక్సీలు, కొన్నిచోట్ల వేల గెలాక్సీలు ఒకే గురుత్వాకర్షణకు కట్టుబడి ఉండే గుంపును క్లస్టర్ అంటారు. ఆ గెలాక్సీల మధ్య జాగా ఖాళీగా ఉండదు. కోట్ల డిగ్రీల వేడి వాయువు, చాలా బలహీనమైన అయస్కాంత క్షేత్రం, దాదాపు కాంతివేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లు అక్కడ నిండి ఉంటాయి. ఆ ఎలక్ట్రాన్లు కాస్మిక్ కిరణాల్లో ఒక భాగం. అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ అవి విడిచే సింక్రోట్రాన్ వెలుగే మనకు రేడియో తరంగాలుగా అందుతుంది. ఆ వెలుగు ఎంతో కొలిచి, దాన్నుంచి ఎలక్ట్రాన్ల సంగతి రాబట్టడం ఈ రాత పని. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు చేసేవాళ్లను, వాళ్లకు గైడుగా ఉండే లెక్చరర్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. 4 జీబీ ర్యామ్ ఉన్న మామూలు కంప్యూటర్, ఫోన్ హాట్‌స్పాట్, డబ్బు కట్టనక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఉంటే పని జరుగుతుంది.

డాబా మీద డిష్‌తో అవుతుందా

అందరూ ముందు అడిగేది ఇదే. పాత టీవీ డిష్‌కు చిన్న ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌కు తగిలించే సాఫ్ట్‌వేర్ రేడియో) రిసీవర్ తగిలిస్తే పాలపుంతలోని హైడ్రోజన్ గీత అందుతుంది. క్లస్టర్ మాత్రం అందదు. ఎందుకో లెక్క చూడండి. మంచి ప్రకాశవంతమైన క్లస్టర్ సోర్స్ 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 0.3 జాన్‌స్కీ ఉంటుంది. ఒక జాన్‌స్కీ అంటే చదరపు మీటరుకు, ఒక్కో హెర్ట్జ్‌కు 10⁻²⁶ వాట్. మీటరు వెడల్పున్న డిష్‌లో అసలు పనికొచ్చే వైశాల్యం 0.4 చదరపు మీటర్లనుకుంటే, ఆ సోర్స్ వల్ల యాంటెన్నా వేడి పెరిగేది కెల్విన్‌లో లక్షకు 4 వంతులు. రిసీవర్ సొంత రొద 150 కెల్విన్. 2 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌తో ఆ రొదను సోర్స్ స్థాయికి దించడానికే ఏకధాటిగా 70 రోజులు పడుతుంది, అదీ రిసీవర్ గెయిన్ ఇసుమంత కూడా కదలకుండా ఉంటే. అది కదలకుండా ఉండదు. పైగా 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం (అదే 1.4 గిగాహెర్ట్జ్) దగ్గర మీటరు డిష్ ఒకేసారి 15 డిగ్రీల ఆకాశాన్ని చూస్తుంది, అందులో మన సోర్స్ ఎక్కడుందో తేలదు. కాబట్టి పెద్ద టెలిస్కోపులు ఇప్పటికే తీసి అందరికీ తెరిచి ఉంచిన బొమ్మల మీద పని చేయాలి.

మనం వాడేవి రెండు సర్వేలు. మొదటిది ఎన్‌వీఎస్ఎస్. అమెరికాలోని వీఎల్ఏ టెలిస్కోపుతో 1990లలో, 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర తీశారు. బీమ్, అంటే బొమ్మలో ఒక చుక్క పరుచుకునే వెడల్పు, 45 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), రొద బీమ్‌కు సుమారు 0.45 మిల్లీజాన్‌స్కీ. రెండోది టీజీఎస్ఎస్. ఇది మన దేశపుదే. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ, 45 మీటర్ల డిష్‌లు 30 కలిపి, 150 మెగాహెర్ట్జ్ దగ్గర (కచ్చితంగా చెప్పాలంటే 147.5) 2010 నుంచి 2012 మధ్య తీసింది. ఆ డేటాను ఇంటెమా బృందం మళ్లీ మొదటినుంచి ప్రాసెస్ చేసి 2017లో బయటపెట్టింది. మన ఉత్తరాకాశపు సోర్సులకు దాని బీమ్ 25 ఆర్క్ సెకన్లు, రొద 3.5 మిల్లీజాన్‌స్కీ అటూ ఇటూ. రెండు ఫ్రీక్వెన్సీల మధ్య దాదాపు 9.5 రెట్ల దూరం ఉంది. స్పెక్ట్రమ్ వాలు (ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వెలుగు ఎంత త్వరగా తగ్గుతుందో) కొలవడానికి ఆ దూరమే మనకు కావలసింది.

కోమాతో మొదలుపెట్టొద్దు

పుస్తకం తెరిస్తే మొదట కనిపించే పేరు కోమా క్లస్టర్. రేడియో హాలో, అంటే క్లస్టర్ నడుమ పరుచుకున్న మసక రేడియో వెలుగు, తొలిసారి బయటపడింది అక్కడే, 1959లో. దూరం సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాలు, అంటే ఈ లెక్కల్లో పక్కింటి కిందే. అందుకే కొత్తవాళ్లంతా దాన్నే ఎంచుకుంటారు, ఎన్‌వీఎస్ఎస్ బొమ్మ దించుకుంటారు, చుక్కలు తప్ప ఏమీ లేవని బిక్కమొహం వేస్తారు. హాలో లేకపోవడం కాదు, ఈ టెలిస్కోపుకు అది కనిపించదు.

కొత్తపట్నం తీరంలో వేసే వల చిన్న చేపను వదిలేసి పెద్ద చేపను పడుతుంది. ఇంటర్‌ఫెరోమీటర్, అంటే ఎన్నో డిష్‌లను కలిపి వాడే టెలిస్కోపు, దానికి తిరగబడ్డ వల: చిన్నవాటిని పట్టి పెద్దవాటిని జారవిడుస్తుంది. రెండు డిష్‌ల మధ్య అతి తక్కువ దూరం ఎంతో, దాన్నిబట్టి ఆకాశంలో ఎంత వెడల్పున్న వెలుగు వరకు అందుతుందో తేలుతుంది. వీఎల్ఏ డిష్‌లు అన్నింటికన్నా దగ్గరగా చేరిన అమరికలో కూడా 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ హద్దు సుమారు 16 ఆర్క్ నిమిషాలు. ఎన్‌వీఎస్ఎస్‌లా కొద్ది సెకన్లపాటే చూసి వదిలేస్తే అది సగానికి పడిపోతుంది. కోమా హాలో అర డిగ్రీ, అంటే 30 ఆర్క్ నిమిషాల పైమాటే. వెలుగంతా వలలోంచి జారిపోయింది.

అందుకని మొదటి సోర్స్‌గా టూత్‌బ్రష్ తీసుకోండి. అసలు పేరు 1ఆర్‌ఎక్స్‌ఎస్ జె0603.3+4214. ప్రజాపతి (ఆరిగా) రాశిలో ఉంది. రెడ్‌షిఫ్ట్ (దూరాన్ని తెలిపే అంకె) 0.225. రెండు మూడు క్లస్టర్లు ఢీకొన్నప్పుడు పుట్టిన షాక్ తరంగం అంచున, బ్రష్ ఆకారంలో పొడుగ్గా రేడియో గీత ఉంటుంది. ఇలాంటి అంచు గీతను రెలిక్ అంటారు. పొడవు 8 ఆర్క్ నిమిషాలకు కొంచెం పైన, వెడల్పు రెండు నిమిషాల లోపు. సన్నగా ఉండటం వల్ల వలలో చిక్కుతుంది, ప్రకాశం కూడా బాగుంది.

ఫైళ్లు దించుకోవడం

నాసా వాళ్ల స్కైవ్యూ పేజీ తెరవండి. కోఆర్డినేట్ల పెట్టెలో 06 03 20, +42 14 00 అని కొట్టండి. సర్వేల జాబితాలో ఎన్‌వీఎస్ఎస్, టీజీఎస్ఎస్ రెండూ ఎంచుకోండి. బొమ్మ వెడల్పు 0.5 డిగ్రీ, పిక్సెళ్లు 300 పెట్టండి. ఈ అంకెలకు కారణం ఉంది: 0.5 డిగ్రీ అంటే 1800 ఆర్క్ సెకన్లు, 300తో భాగిస్తే పిక్సెల్‌కు సరిగ్గా 6 ఆర్క్ సెకన్లు. రెండు సర్వేలూ ఒకే గ్రిడ్ మీదకు వస్తాయి కనుక తర్వాత ఒకదాని మీద ఒకటి పేర్చే గొడవ తప్పుతుంది. రీశాంప్లింగ్ దగ్గర బై లీనియర్ ఎంచుకోండి. నియరెస్ట్ నైబర్ వదిలేస్తే ఎన్‌వీఎస్ఎస్ 15 సెకన్ల పిక్సెళ్లు గళ్లుగళ్లుగా తేలుతాయి.

దించుకునేది ఫిట్స్ ఫైలే (ఖగోళ బొమ్మల అంకెలు దాచే ఫార్మాట్) కావాలి. జేపెగ్ చూడటానికి బాగుంటుంది గానీ అందులో కొలిచే అంకెలుండవు. ఒక్కో ఫైలు ఒక ఎంబీ కూడా దాటదు, కరెంటు పోయి మోడెం ఆగినా ఫోన్ డేటాతో నిమిషంలో వచ్చేస్తుంది. జీఎంఆర్‌టీ ముడి డేటా జోలికి మొదటి ప్రాజెక్టులో వెళ్లకండి. అది పదుల జీబీలు, దాన్ని కాలిబ్రేట్ చేయడమే ఒక సెమిస్టర్ పని.

ఫైలు రాగానే హెడర్ చదవండి. బీయూనిట్ అనే వరుసలో బీమ్‌కు జాన్‌స్కీయా, మిల్లీజాన్‌స్కీయా చూడండి. వరుస లేకపోయినా, ఉన్నా నమ్మకం చిక్కకపోయినా గీటురాయి ఒకటుంది. బొమ్మలో ఒంటరిగా, గుండ్రంగా, ప్రకాశంగా ఉన్న చుక్క ఒకటి పట్టుకోండి. దాని శిఖర పిక్సెల్ విలువను అదే సర్వే కేటలాగులోని అంకెతో పోల్చండి. వెయ్యి రెట్లు తేడా వస్తే యూనిట్ తప్పు. పది శాతం లోపు తేడా అయితే పర్వాలేదు. రెండు ఫైళ్లకూ ఇది చేయకుండా ముందుకు కదలొద్దు.

బీమ్ సరిచూడటం

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెప్తాం.

ఒక బొమ్మ 25 ఆర్క్ సెకన్ల చూపుతో, ఇంకొకటి 45 సెకన్ల చూపుతో తీసింది. అలాగే పోలిస్తే అంచుల దగ్గర వెలుగు ఒకదానిలో గీసిన హద్దు లోపల, ఇంకోదానిలో బయట పడుతుంది. నిశితమైనదాన్ని మసక చేసి రెండోదానికి సమానం చేయాలి. మసకగా ఉన్నదాన్ని నిశితం చేయడం కుదరదు.

గాసియన్ బీమ్‌లు వర్గాల లెక్కన కలుస్తాయి. 45 వర్గం 2025, 25 వర్గం 625, తేడా 1400, దాని వర్గమూలం 37.4. అంటే 37.4 ఆర్క్ సెకన్ల సగం ఎత్తు వెడల్పున్న గాసియన్‌తో టీజీఎస్ఎస్‌ను కన్వాల్వ్ చేయాలి, అంటే ఆ మేర మసక చేయాలి. పైథాన్‌లో astropy అనే లైబ్రరీలోని గాసియన్ కెర్నెల్‌కు ఇవ్వాల్సింది ఈ వెడల్పు కాదు, సిగ్మా. 37.4ని 2.355తో భాగిస్తే 15.9 ఆర్క్ సెకన్లు, మన 6 సెకన్ల పిక్సెళ్లలో 2.65. కెర్నెల్‌కు ఇచ్చే అంకె 2.65.

కన్వాల్వ్ అయ్యాక ఇంకో పని మిగిలి ఉంటుంది. బొమ్మ విలువలు ఇంకా పాత, 25 సెకన్ల బీమ్ లెక్కలోనే ఉంటాయి. కొత్త బీమ్ వైశాల్యం పాతదానికి 45 బై 25 మొత్తం వర్గం, అంటే 3.24 రెట్లు. బొమ్మనంతా 3.24తో గుణించాలి. ఇది కెర్నెల్ తనంతట తాను చేయదు.

ఇప్పుడు బీమ్‌లో ఎన్ని పిక్సెళ్లు పడతాయో కట్టాలి. సూత్రం: 1.133 గుణించు బీమ్ వర్గం, భాగించు పిక్సెల్ వర్గం. 45 సెకన్ల బీమ్, 6 సెకన్ల పిక్సెల్‌కు 1.133 × 2025 ÷ 36 = 63.7. ఇక మీదట రెండు బొమ్మలకూ ఇదే అంకె. కొందరు పాత పేపర్లలో ఎన్‌వీఎస్ఎస్‌కు 10.2 అని చూసి అదే వాడతారు. అది అసలు 15 సెకన్ల పిక్సెల్‌కు చెల్లుతుంది, మన ఫైలుకు కాదు.

హద్దు గీసి ఫ్లక్స్ తీయడం

ఫిట్స్ బొమ్మలు చూపే డీఎస్9 సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌వీఎస్ఎస్ బొమ్మ తెరవండి. సోర్సులేని నాలుగైదు చోట్ల వృత్తాలు గీసి, స్టాటిస్టిక్స్‌లో ప్రామాణిక విచలనం చూడండి. అదే మీ రొద. సర్వే పేపర్లో రాసిన సగటును ఎత్తిరాయకండి, మీ బొమ్మలో మీరే కొలవండి. ఆ రొదకు మూడు రెట్ల దగ్గర కాంటూర్ వేయండి. 0.45 మిల్లీజాన్‌స్కీ వస్తే కాంటూర్ 1.35 దగ్గర. బ్రష్ చుట్టూ ఆ కాంటూర్‌ను అనుసరిస్తూ పాలిగన్ గీయండి. దాన్ని ఎఫ్‌కే5 (ఆకాశపు) కోఆర్డినేట్లలో సేవ్ చేయండి, పిక్సెల్ కోఆర్డినేట్లలో కాదు. అదే పాలిగన్‌ను మసక చేసిన టీజీఎస్ఎస్ బొమ్మ మీద లోడ్ చేయండి. రెండో బొమ్మకు వేరే హద్దు గీస్తే మొత్తం శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

స్టాటిస్టిక్స్ ఇచ్చే మొత్తాన్ని 63.7తో భాగిస్తే ఫ్లక్స్, అంటే సోర్స్ నుంచి అందే మొత్తం వెలుగు, వస్తుంది. మచ్చుకు: ఎన్‌వీఎస్ఎస్ మొత్తం 19.75 వస్తే ఫ్లక్స్ 0.31 జాన్‌స్కీ. టీజీఎస్ఎస్ మొత్తం 235.7 వస్తే 3.70 జాన్‌స్కీ. మీకు సరిగ్గా ఇవే రానక్కర్లేదు, హద్దు ఎక్కడ గీశారన్నదాన్నిబట్టి కొంత మారతాయి.

పాలిగన్ చుట్టూ ఉన్న నేపథ్యం కూడా చూడాలి. సోర్స్ పక్కనే పిక్సెళ్లు వరసగా రుణాత్మకంగా, గుంటలా కనిపిస్తే పెద్ద వెలుగు కొంత జారిపోయిందని గుర్తు. ఆ గుంట లోతును సరిచేసి ఫ్లక్స్ పెంచుకోవాలని చూడకండి. ఎంత పోయిందో ఆ బొమ్మ చెప్పలేదు. గుంట ఉందని ప్రాజెక్టు రికార్డులో రాసి, మీ ఫ్లక్స్ కనీస విలువ మాత్రమేనని చెప్పండి.

దోషం లెక్క రెండు ముక్కలు. ఒకటి రొద: పాలిగన్‌లో బీమ్‌ల సంఖ్యకు వర్గమూలం తీసి రొదతో గుణించాలి. 25 బీమ్‌లుంటే 5 × 0.45, అంటే 2.25 మిల్లీజాన్‌స్కీ. రెండోది కాలిబ్రేషన్: ఎన్‌వీఎస్ఎస్‌కు 5 శాతం, టీజీఎస్ఎస్‌కు 10 శాతం పెట్టుకోండి. 0.31లో 5 శాతం 15.5 మిల్లీజాన్‌స్కీ. రొద దాని ముందు లెక్కలోకే రాదు. ఇంత ప్రకాశమున్న సోర్స్‌కు దశాంశం తర్వాత నాలుగంకెలు రాసేవాళ్లు ఏమి కొలుస్తున్నారో వాళ్లకే తెలియదు.

చుక్కలను తీసేయడం

పాలిగన్ లోపల మామూలు రేడియో గెలాక్సీలు కూడా ఉండొచ్చు. వాటి వెలుగు షాక్‌ది కాదు. వాటిని పట్టడానికి వీఎల్‌ఏఎస్ఎస్ బొమ్మ చూడండి. 2017లో మొదలైన ఈ సర్వే 3 గిగాహెర్ట్జ్ దగ్గర 2.5 సెకన్ల చూపుతో తీస్తుంది. అంత నిశితమైన చూపులో పరుచుకున్న వెలుగు దాదాపు మాయమై చుక్కలే మిగులుతాయి, మనకు కావలసింది అదే. అలాడిన్ అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్‌లో వీఎల్‌ఏఎస్ఎస్, పాన్‌స్టార్స్ (మామూలు కాంతి సర్వే) పొరలు ఒకదాని మీద ఒకటి వేయండి. రేడియో చుక్క కింద కంటికి కనిపించే గెలాక్సీ ఉంటే అది విడి సోర్స్. లేకపోతే రెలిక్‌లోనే ప్రకాశంగా ఉన్న ముద్ద కావచ్చు, తొందరపడి తీసేయకండి.

చుక్క ఫ్లక్స్ 3 గిగాహెర్ట్జ్ దగ్గర తెలిసింది, మనకు కావలసింది మిగతా రెండింటి దగ్గర. సాధారణ రేడియో గెలాక్సీకి వాలు −0.7 అనుకుంటే 1.4 గిగాహెర్ట్జ్‌కు 1.7 రెట్లు, 147.5 మెగాహెర్ట్జ్‌కు 8.2 రెట్లు చేసి తీసేయాలి. ఉదాహరణకు 3 మిల్లీజాన్‌స్కీల చుక్క ఎన్‌వీఎస్ఎస్‌లో 5, టీజీఎస్ఎస్‌లో 25 తింటుంది. టూత్‌బ్రష్ మొత్తానికి అది లెక్కలోకి రాదు. బలహీనమైన హాలోల దగ్గర మాత్రం ఈ తీసివేతే ఫలితాన్ని తారుమారు చేస్తుంది. వాటికి −0.6, −0.8 రెండూ వేసి చూసి ఆ తేడాను దోషంలో కలపండి.

వాలు, ఆ వాలు చెప్పే సంగతి

స్పెక్ట్రల్ ఇండెక్స్, అంటే ఆల్ఫా: రెండు ఫ్లక్స్‌ల నిష్పత్తి లాగ్‌ను రెండు ఫ్రీక్వెన్సీల నిష్పత్తి లాగ్‌తో భాగించాలి. 0.31 ÷ 3.70 సహజ లాగ్ −2.48. 1400 ÷ 147.5 సహజ లాగ్ 2.25. ఆల్ఫా −1.10. దోషం: 10 శాతం, 5 శాతం వర్గాలు కలిపి మూలం తీస్తే 0.112, దాన్ని 2.25తో భాగిస్తే 0.05. కాబట్టి −1.10, అటూ ఇటూ 0.05.

వచ్చిన అంకెను చూసి తప్పు ఎక్కడ జరిగిందో పట్టేయొచ్చు. ఆల్ఫా −0.6 దగ్గర వస్తే 3.24తో గుణించడం మరిచిపోయారు. −1.6 దగ్గర వస్తే మసక చేసిన బొమ్మకు పాత 25 సెకన్ల బీమ్ పిక్సెళ్లు, అంటే 19.7 వాడారు. రెండు తప్పులూ ఒకేసారి చేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబే వస్తుంది. ఫ్లక్స్‌కు ఇబ్బంది లేదు గానీ కాంటూర్లు, రొద తప్పుతాయి, వైవాలో అక్కడే పట్టుబడతారు. −1.2 లేదా అంతకన్నా నిటారుగా వస్తే ఎన్‌వీఎస్ఎస్‌లో వెలుగు జారిందేమో చూడండి. −1.0 లేదా చదునుగా వస్తే అనుమానించాల్సింది టీజీఎస్ఎస్‌ను.

షాక్ దగ్గర ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుంటాయనే సిద్ధాంతం ఆల్ఫాను షాక్ మాక్ సంఖ్యతో (షాక్ వేగం అక్కడి ధ్వని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) ముడిపెడుతుంది. మొత్తం రెలిక్‌కు తీసిన ఆల్ఫా గుర్తు తీసేస్తే 1.10. మాక్ వర్గం = (1.10 + 1) ÷ (1.10 − 1) = 21, మాక్ 4.6. ఇక దోషం వేయండి: 1.15కు మాక్ 3.8, 1.05కు 6.4. ఆల్ఫాలో 0.05 తేడా మాక్‌లో ఇంత కొండంత అవుతుంది. 1.0కు సూత్రం అనంతానికి పోతుంది, అంతకన్నా తక్కువైతే వర్గం రుణాత్మకం. అలా వచ్చినప్పుడు కొత్త ఫిజిక్స్ కనిపెట్టానని సంబరపడకుండా మళ్లీ ఫ్లక్స్ దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రేల్లో వాయువు వేడిని చూసి తీసిన మాక్ టూత్‌బ్రష్‌కు రెండు లోపే వస్తుంది. రేడియో లెక్కకూ ఎక్స్‌రే లెక్కకూ ఈ పొంతన కుదరకపోవడం చాలా రెలిక్‌ల దగ్గర ఉన్నదే. మాక్ రెండు లాంటి బలహీన షాక్ మామూలు వేడి వాయువులోంచి ఇన్ని ఎలక్ట్రాన్లను తయారుచేయలేదు కనుక, పాత రేడియో గెలాక్సీలు వదిలిపోయిన ఎలక్ట్రాన్లనే షాక్ మళ్లీ రేపిందని కొందరంటారు. ఇది ఇంకా తెగని వాదన, మీ ప్రాజెక్టులో ఏదో ఒక పక్షం కాయాల్సిన పనిలేదు.

ఆ ఎలక్ట్రాన్ల శక్తి ఎంతో కూడా కట్టొచ్చు. అయస్కాంత క్షేత్రం ఒక మైక్రోగాస్ అనుకుంటే, వెలుగు ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లలో సుమారు 4.2 గుణించు లోరెంజ్ గుణకం (ఎలక్ట్రాన్ శక్తి దాని నిశ్చల శక్తికి ఎన్ని రెట్లో) వర్గం. 1.4 గిగాహెర్ట్జ్‌కు గుణకం 18 వేలు, శక్తి సుమారు 9 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. 150 మెగాహెర్ట్జ్‌కు 6 వేలు, 3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. మన దిక్సూచిని తిప్పే భూ క్షేత్రం 0.4 గాస్, అంటే క్లస్టర్ క్షేత్రానికి నాలుగు లక్షల రెట్లు. ఇంకో సరదా సంగతి: దక్షిణ భారతంలో భూ అయస్కాంత క్షేత్రం కాస్మిక్ కిరణాలకు గట్టి గోడ. ఊటీ దగ్గర ఆ గోడ ఎత్తు సుమారు 17 గిగావోల్టులు, మన జిల్లాల్లోనూ దాదాపు అంతే. క్లస్టర్‌లో వెలుగునిచ్చే శక్తి ఉన్న కణం ఏదైనా నెల్లూరు మీదకు నిట్టనిలువుగా వస్తే గాలిలోకి దిగకముందే మళ్లిపోతుంది. దాని సంగతి తెలుసుకోవడానికి మనకు ఈ రేడియో వెలుగే దారి.

పవర్ లెక్కకు రెడ్‌షిఫ్ట్ 0.225కు ప్రకాశ దూరం సుమారు 1120 మెగాపార్సెక్కులు తీసుకోండి (హబుల్ స్థిరాంకం 70, పదార్థం వాటా 0.3). 4 పై గుణించు దూరం వర్గం గుణించు ఫ్లక్స్, దానికి 1.225 ఘాతం 0.1 సవరణ. 0.31 జాన్‌స్కీకి హెర్ట్జ్‌కు 4.7 × 10²⁵ వాట్లు వస్తుంది. దూరాన్ని మీటర్లలోకి మార్చడం మరిచిపోతే జవాబు తలా తోకా లేకుండా వస్తుంది. అక్కడ ఒక ఆర్క్ సెకను 3.6 కిలోపార్సెక్కులు, దాంతో పొడవు కూడా తీసేయండి.

హాలోనా, రెలిక్కా

ఆకారం ఒక్కటే చూసి పేరు పెట్టొద్దు. స్కైవ్యూలోనే రోసాట్ ఉపగ్రహం తీసిన ఎక్స్‌రే బొమ్మ దించి పైన వేయండి. రేడియో మసక ఎక్స్‌రే మసక మీద కూర్చుంటే హాలో, ఎక్స్‌రే అంచున విల్లులా వంగితే రెలిక్. రెలిక్ వెలుగు బాగా పోలరైజ్ అయి ఉంటుంది, హాలోది సాధారణంగా అలా ఉండదు. ఒక కొస గెలాక్సీకి అతుక్కుని రెండో కొస తోకలా సాగితే అది తోక గెలాక్సీ. కొత్తవాళ్లు రెలిక్ అని ప్రకటించే వాటిలో ఎక్కువ ఇవే.

హాలో వెనక చిక్కు వేరే. పది లక్షల పార్సెక్కులు, అంటే సుమారు 33 లక్షల కాంతి సంవత్సరాల మేర వెలుగు పరుచుకుని ఉంటుంది. ఎలక్ట్రాన్ ఆయువు పది కోట్ల ఏళ్ల స్థాయి, ఆలోపు శక్తి కరిగిపోతుంది. మెలికలు తిరుగుతూ ఆ కాలంలో అది అంత దూరం పోలేదు. కాబట్టి ఉన్నచోటే ఎవరో శక్తి అందించాలి. ప్రోటాన్లు వాయువును గుద్ది కొత్త ఎలక్ట్రాన్లను పుట్టిస్తున్నాయనేది ఒక మాట. అదే నిజమైతే గామా కిరణాలు కూడా దండిగా రావాలి, ఫెర్మీ ఉపగ్రహానికి అంతగా కనిపించలేదు. క్లస్టర్లు ఢీకొన్నప్పుడు వాయువులో రేగే కల్లోలం పాత ఎలక్ట్రాన్లను మళ్లీ పరుగెత్తిస్తుందనేది రెండో మాట, ఇప్పుడు మొగ్గు దానివైపే. జీఎంఆర్‌టీతో 610 మెగాహెర్ట్జ్ దగ్గర చేసిన హాలో సర్వేలో హాలోలు ఢీకొంటున్న క్లస్టర్లలోనే కనిపించి, ప్రశాంతంగా ఉన్నవాటిలో కనిపించకపోవడం దీనికి పెద్ద బలం. కాబట్టి హాలో వెతకాలంటే ఎక్స్‌రేల్లో గుండ్రంగా, నడిబొడ్డున మెరుస్తూ ఉన్న క్లస్టర్‌ను పక్కన పెట్టి, చెదిరిన ఆకారం ఉన్నదాన్ని పట్టుకోండి.

ఎన్‌వీఎస్ఎస్, టీజీఎస్ఎస్‌లలో చేయి తిరిగాక లోఫార్ అనే యూరప్ రేడియో టెలిస్కోపు వాళ్ల లోటీఎస్ఎస్ సర్వే రెండో విడత చూడండి. 2022లో వచ్చింది, 144 మెగాహెర్ట్జ్, 6 సెకన్ల చూపు, రొద బీమ్‌కు సుమారు 0.08 మిల్లీజాన్‌స్కీ. అందులో ప్లాంక్ ఉపగ్రహం జాబితాలోని 309 క్లస్టర్లు వెతికితే 83 చోట్ల హాలోలు, 26 చోట్ల రెలిక్‌లు (అనుమానం మీద ఉన్నవి కలుపుకుని) తేలాయి. ఉత్తరాకాశంలో కొంత భాగమే ఉంది, మీ క్లస్టర్ అందులో ఉందో లేదో ముందు చూసుకోండి. టీజీఎస్ఎస్ బొమ్మల్లో వింత ఆకారాలు వెతకడం నేర్పే రాడ్@హోమ్ అనే పౌర విజ్ఞాన బృందం కూడా మన దేశంలోనే ఉంది. 2013లో ఆనంద హోతా మొదలుపెట్టారు, డిగ్రీ విద్యార్థులనూ తీసుకుంటారు.

రెండో సోర్స్‌గా మనవైపు నుంచి దక్షిణాన కనిపించే ఏబెల్ 3376 తీసుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. జయదీప్ బాగ్చీ బృందం 2006లో దాని చుట్టూ ఉంగరం ముక్కల్లాంటి రెండు రెలిక్‌లను బయటపెట్టింది. అక్కడ పైన చెప్పిన అంకెలు వాడితే పప్పులో కాలేసినట్టే. డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) −40 డిగ్రీలు, ఎన్‌వీఎస్ఎస్ ఆఖరి గట్టు. జీఎంఆర్‌టీకి ఆ దిక్కు కిందకు వాలి ఉండటంతో టీజీఎస్ఎస్ బీమ్ ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది: 25ను, డెక్లినేషన్ నుంచి 19 తీసేసిన కోణం కొసైన్‌తో భాగించాలి. −40కి కోణం 59 డిగ్రీలు, కొసైన్ 0.515, బీమ్ 25 బై 48.5 సెకన్లు. 45 కన్నా పెద్దది కనుక 45కు మసక చేయడం కుదరదు. రెండు బొమ్మలనూ 50 సెకన్లకు తేవాలి: ఎన్‌వీఎస్ఎస్‌కు 21.8 సెకన్ల గుండ్రని కెర్నెల్, టీజీఎస్ఎస్‌కు తూర్పు పడమరలుగా 43.3, ఉత్తర దక్షిణాలుగా 12.2 సెకన్ల దీర్ఘవృత్త కెర్నెల్. గుణకం ఎన్‌వీఎస్ఎస్‌కు 2500 ÷ 2025, టీజీఎస్ఎస్‌కు 2500 ÷ (25 × 48.5). బీమ్‌లో పిక్సెళ్లు 78.7. రెలిక్‌లు పెద్దవి, దగ్గరివి కనుక ఎన్‌వీఎస్ఎస్ వలలోంచి కొంత జారడం ఖాయం. వచ్చే ఆల్ఫా ఉన్నదానికన్నా నిటారుగా ఉంటుంది, దాన్నుంచి మాక్ సంఖ్య తీయకండి.